నక్కో, మామూ

బక్రీద్ మర్నాడు ఆదివారం పడింది. ఇంకో నాలుగు రోజుల్లో బడులు తెరుస్తారు. చీరాల నుంచి మా ఆపా, ఆమె కొడుకు పండక్కి మా ఇంటికి వచ్చి ఉన్నారు. దూల్హాభాయ్ రాలేదు. ఆయన దర్జీ. జూన్ నెలంటే స్కూలు యూనిఫారాల సీజను, మిషను ముందు నుంచి లేవడానికి ఉండదు.

మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ ఎత్తగానే మా చిన్నోడు నా పక్కన చేరాడు. "అబ్బూ, వాదా చేశారు. బౌలింగ్" అన్నాడు.

వాదా చేసిన మాట నిజమే. మొన్న రంజాన్‌లో వాడు పదకొండు రోజాలు ఉన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లాడు, ఎండల్లో, పదకొండు. ఖుషీ అయిపోయి ఏం కావాలిరా అని అడిగాను. సైకిల్ అడగలేదు, బ్యాటు అడగలేదు. బౌలింగ్ అన్నాడు. వాళ్ళ క్లాసులో ఎవరో బర్త్‌డేకి వెళ్ళొచ్చి చెప్పారట. ఇన్షాఅల్లాహ్ పోదాం అన్నాను. ఇలాంటి మాటలు ఇచ్చేటప్పుడు రేటెంతో మనం కనుక్కోం కదా.

ఇంట్లో ఉన్నది ఏడుగురం. నేను, మా బేగం, అమ్మీ, ఆపా, తొమ్మిదో తరగతికి వచ్చిన మా అమ్మాయి, చిన్నోడు, ఆపా కొడుకు. వాడికి పదమూడేళ్ళు, వాణ్ణి భాంజా అనే పిలుస్తాను. అమ్మీ ముందు రానంది. "బంతి దొర్లించడానికి హైదరాబాద్‌లో అంత దూరం పోవాలా? ఇక్కడ గల్లీలో దొర్లించుకోరాదూ?" అంది. ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందని బుర్ఖా వేయించి బయలుదేరదీశాం. రెండు ఆటోలు మాట్లాడాం. పోవడానికి 320.

మాల్‌లో ఎస్కలేటర్ దగ్గర అమ్మీ ఆగిపోయింది. బిస్మిల్లా అనుకుని ఓ కాలు పెట్టి మళ్ళీ తీసేసింది. వెనక జనం. భాంజా ముందుకొచ్చి, "నానీ, నా చెయ్యి పట్టుకో, కిందకి చూడకు" అని నెమ్మదిగా ఎక్కించాడు. వాడు కూడా ఆ మెట్లు ఎక్కడం అప్పటికి రెండోసారో మూడోసారో. కానీ చూసి నేర్చుకునే రకం.

బౌలింగ్ ఉన్నది ఆఖరి అంతస్తులో. చీకటిగా, రంగు లైట్లతో, పెద్ద మ్యూజిక్‌తో పెళ్ళివారి బరాత్ లోపలికి వచ్చి ఆగిపోయినట్టుంది. కౌంటర్ మీద బోర్డు. ఒక మనిషికి ఒక ఆట, సోమవారం నుంచి గురువారం దాకా 250. శుక్ర, శని, ఆది, సెలవు రోజుల్లో 350. జీఎస్టీ అదనం. బూట్లు వాళ్ళే ఇస్తారు, సాక్సులు మాత్రం మనవే ఉండాలి, లేకపోతే జత 50. మేమంతా పండగ చెప్పుల్లో వచ్చాం. సాక్సులు ఎవరికున్నాయి?

నేను అకౌంట్స్ మనిషిని. 350 మీద పద్దెనిమిది శాతం అంటే 63. ఒక తలకి 413. బోర్డు చూస్తూనే తేలిపోయింది. పక్కకి చూస్తే భాంజా కూడా బోర్డే చదువుతున్నాడు. వాడి పెదాలు కదులుతున్నాయి. లెక్క వేసేవాడి ముఖం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. పాతికేళ్ళుగా ఆ ముఖాల మధ్యే కూచుంటున్నాను.

"ఎంతమంది సార్?" అని కౌంటర్లో అమ్మాయి అడిగింది.

"నలుగురు" అన్నాను. పిల్లలు ముగ్గురు, నేను. నాక్కూడా కొంచెం షౌక్ ఉంది, దాచడమెందుకు.

"నక్కో, మామూ" అన్నాడు భాంజా వెంటనే. "నాకు ఇష్టం లేదు. మీరాడండి, నేను చూస్తా."

"ఎందుకురా?"

"చెయ్యి నొప్పిగా ఉంది. బాల్ బరువుంటుందంట."

"పక్కానా?"

"పక్కా, మామూ."

నేను ఒక్కసారే అడిగాను. రెండోసారి అడగలేదు. కౌంటర్ వైపు తిరిగి "ముగ్గురే" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా దిల్‌లో ఏదో తేలికైంది. ఏమిటా తేలిక అని అప్పుడు ఆలోచించలేదు. తర్వాత ఆలోచించాను. దాని ధర 413 రూపాయలు.

మూడు ఆటలకి 1,239, మూడు జతల సాక్సులకి 150. రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాను.

బౌలింగ్ ఎప్పుడూ చూడనివాళ్ళకి కొంచెం చెప్తాను. నున్నటి చెక్క బాట లాంటిది ఉంటుంది. దాన్ని లేన్ అంటారు. మనం నిలబడే గీత నుంచి మొదటి పిన్ను దాకా అరవై అడుగులు. ఆ చివర పది పిన్నులు త్రికోణంగా నిలబెట్టి ఉంటాయి. ఒక్కో వంతులో రెండుసార్లు బంతి వేయొచ్చు. అలాంటి వంతులు పది అయితే ఒక ఆట. మొదటి బంతికే పదీ పడితే స్ట్రైక్, రెండు బంతులకి పడితే స్పేర్. బంతి పక్కకి పోతే కాలవలో పడి సున్నా. బంతుల మీద నంబర్లుంటాయి, అవి పౌండ్ల బరువు. పెద్దది పదహారు పౌండ్లు, అంటే ఏడు కిలోల పైమాటే. పిల్లలకి ఆరు, ఎనిమిది పౌండ్లవి ఇస్తారు. లేన్ మీద నూనె పూసి ఉంటుంది, మనం అడుగేసే చోటు కూడా నున్నగా ఉంటుంది. అందుకే మన చెప్పులు రానివ్వరు.

చిన్నోడు స్క్రీన్ మీద పేర్లు కొట్టాడు. వాడి పేరు, వాళ్ళక్క పేరు, మూడోది ఇంగ్లీషులో 'అబ్బూ' అని. నేను తొమ్మిదో నంబరు బంతి తీసుకుని, సినిమాల్లో చూసినట్టు వంగి వేశాను. సగం దూరం దాకా రాజసంగా పోయి కాలవలో పడింది. మా బేగం దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్ళయిన పదహారేళ్ళలో నా ఆట ఆమె చూడటం అదే మొదలు.

అమ్మాయి ఫోన్లో ఏదో చదివి చెప్పింది. ఇప్పుడు పడిపోయిన పిన్నుల్ని మిషను ఊడ్చేసి మళ్ళీ నిలబెడుతోంది గానీ, ఆ మిషన్లు రాకముందు అమెరికాలో ఆ పని చేతుల్తో చేసేవాళ్ళట. ఎక్కువమంది పిల్లలే. పిన్ బాయ్స్ అనేవాళ్ళట. 1950ల్లో మిషన్లు వచ్చి ఆ పని పోయిందట. "అంటే కొంతమంది పిల్లలు ఆడితే, కొంతమంది వెనక నిలబడి ఎత్తిపెట్టేవాళ్ళా?" అన్నాడు చిన్నోడు. ఎవరూ జవాబు చెప్పలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. భాంజా సోఫా అంచున కూచుని ముందుకి వంగి చూస్తున్నాడు. చిన్నోడి నీళ్ళ బాటిల్, అమ్మాయి ఫోను, నా కళ్ళజోడు డబ్బా, అన్నీ వాడి ఒళ్ళో ఉన్నాయి.

ఇష్టం లేనివాడు అలా చూడడు.

నా ఐదో వంతు అయ్యాక వచ్చి అమ్మీ పక్కన కూలబడ్డాను. నలుగురం పెద్దవాళ్ళకి చాయ్ తెచ్చాను. కప్పు 80, నాలుగు కప్పులు 320. అమ్మీకి రేటు చెప్పలేదు. చెప్తే తాగదు. ఆమె చాయ్ ఊదుకుంటూ, భాంజా వైపే చూస్తూ, నాకు మాత్రమే వినపడేటట్టు అంది.

"నుమాయిష్ గుర్తుందారా నీకు?"

అంతే. ఇంకేం అనలేదు. అనక్కర్లేదు కూడా.

నాకు పన్నెండేళ్ళప్పుడు సంక్రాంతి సెలవులకి హైదరాబాద్‌లో చాచా వాళ్ళింటికి వచ్చాం. నాంపల్లి నుమాయిష్ ఏటా జనవరి ఒకటిన మొదలవుతుంది కదా, చాచా మమ్మల్నందర్నీ తీసుకెళ్ళాడు. అప్పట్లో మా ఊరి పిల్లలకి నుమాయిష్ అంటే ఇంకో దునియా. అక్కడ జెయింట్ వీల్. టిక్కెట్టు ఐదు రూపాయలు. చాచా పిల్లలు ముగ్గురూ లైన్లో నిలబడిపోయారు. చాచా జేబులోంచి నోట్లు తీసి ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాడు. నేను ఆ వేళ్ళనే చూశాను. "నాకు నక్కో చాచా, కళ్ళు తిరుగుతాయి" అన్నాను. "పక్కానా బేటా?" అన్నాడు. "పక్కా" అన్నాను. చాచా మూడు టిక్కెట్లు కొన్నాడు.

నేను కింద నిలబడి వాళ్ళ చెప్పులు కాపలా కాశాను. వీల్ పైకి వెళ్ళినప్పుడల్లా వాళ్ళు చేతులూపారు. నేనూ ఊపాను. రాత్రి అమ్మీ పక్కన పడుకుని ఏడ్చాను. ఎందుకో అమ్మీ అడగలేదు, తల నిమిరింది. నాకు తర్వాత చాలా ఏళ్ళు చాచా మీద కోపం ఉండేది. పన్నెండేళ్ళ పిల్లాడు వద్దంటే నిజమని ఎలా నమ్మేశాడు ఈయన అని. చాచా ఇప్పుడు లేడు, అల్లాహ్ ఆయనకి జన్నత్ నసీబ్ చేయుగాక. కానీ ఆ ఆదివారం, ఆ చాయ్ చేతిలో పట్టుకుని కూచున్నప్పుడు, చాచా నన్ను నమ్మలేదని మొదటిసారి అర్థమైంది. ఆయనకి తెలుసు. తెలిసే రెండోసారి అడగలేదు. అడిగితే నేను ఊఁ అంటానేమోనని భయం. నాకు కౌంటర్ దగ్గర వచ్చిన తేలికే ఆయనకీ వచ్చి ఉంటుంది.

తేడా ఒక్కటే. చాచా జేబులో నిజంగా లేవు. నా జేబులో ఉన్నాయి.

లేచి భాంజా దగ్గరికి వెళ్ళాను. భుజం పట్టుకుని మూలిగాను.

"అరే, నా భుజం పట్టేసిందిరా. ఇంకా ఐదు వంతులున్నాయి. పైసలు కట్టేశాం, వేస్ట్ అయిపోతాయి. నా బదులు నువ్వు వెయ్యి."

వేస్ట్ అన్న మాట కావాలనే అన్నాను. ఆ ఇంట్లో పెరిగిన పిల్లాడు దేన్నైనా కాదంటాడు గానీ పైసలు వేస్ట్ అవుతాయంటే ఊరుకోడు. మా ఆపా పెంపకం అది. వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆపా "వద్దులే, మామూ ఆడుకోనీ" అనబోయింది. అమ్మీ ఆమె మోచేతి మీద చెయ్యి వేసింది. ఆపా ఆగిపోయింది.

ఇంకో జత సాక్సులు, 50. వాడి సైజు బూట్లు మార్చి ఇచ్చారు.

వాడి మొదటి బంతి కాలవలో పడింది. రెండోదానికి ఆరు పిన్నులు. ఆ తర్వాత చూడాలి. అరగంట నుంచి కూచుని ఊరికే చూడలేదు వాడు. పక్క లేన్‌లో ఆడుతున్న కుర్రాడు ఎన్ని అడుగులు వేసి బంతి వదులుతున్నాడో లెక్కపెట్టుకున్నాడు. నాలుగు అడుగులు వేశాడు, వంగాడు, బంతి చప్పుడు లేకుండా నేల మీద పెట్టినట్టు వదిలాడు. ఎనిమిది. తర్వాతి బంతికి మిగతా రెండూ. స్పేర్! చిన్నోడు ఎగిరి వాణ్ణి వాటేసుకున్నాడు. ఆపా నవ్వుతూ మొహం పక్కకి తిప్పుకుంది.

స్క్రీన్ మీద మాత్రం పేరు 'అబ్బూ' అనే ఉంది. నా ఐదు వంతులకి 31, వాడు ముగించేసరికి 78. స్కోరు బాగుందని మా అమ్మాయి ఫోటో తీసింది. ఆ ఫోటో చూసినవాళ్ళకి అది నా ఆట.

"ఇంకో ఆట అబ్బూ!" అన్నాడు చిన్నోడు. కుదరదన్నాను. ఏడుపు మొదలైంది. ఇంకో 1,239 వద్దన్నవాణ్ణి పక్కనే ఉన్న వీడియో గేముల దగ్గర 500 కార్డుకి దొరికిపోయాను. పిల్లలకి ఫ్రెంచ్ ఫ్రైస్ రెండు ప్లేట్లు 360, ఐస్‌క్రీములు మూడు 270. రాత్రయిందని ఆటోవాళ్ళు రేటు పెంచారు, రావడానికి 400.

ఇంటికొచ్చాక మా బేగం హిసాబ్ పుస్తకం తీసింది. నేను చెప్తుంటే ఆమె రాసింది. ఆటోలు 720. బౌలింగ్ 1,239. సాక్సులు 200. చాయ్, తిండి 950. గేముల కార్డు 500. మొత్తం 3,609. పెన్ను పక్కన పెట్టి, "రెండు నెలల పాలు" అంది. నిజమే. లీటరు 60 చొప్పున రోజుకో లీటరు మేం పోయించుకుంటాం.

ఫుజూల్ ఖర్చా అంటే నేను అవునని అనలేను. చిన్నోడు ఆ రాత్రి నిద్రలో కూడా నవ్వాడు. మా బేగం ఇన్నేళ్ళకి అంత గట్టిగా నవ్వింది. అమ్మీ ఎస్కలేటర్ ఎక్కింది. పిల్లల్ని తఫ్రీకి తీసుకెళ్ళడం తప్పు కాదు. నా తప్పు ఆ 3,609లో లేదు. ఖర్చు పెట్టని 413లో ఉంది.

హిసాబ్ రాస్తున్నప్పుడు భాంజా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడనుకుంటాను. నెమ్మదిగా వచ్చి యాభై నోటు నా ముందు పెట్టాడు. పండక్కి అమ్మీ ఇచ్చిన ఈదీలోది.

"ఏంట్రా ఇది?"

"సాక్సుల పైసలు, మామూ."

నాకు మాట రాలేదు. నోటు వాడి జేబులో కుక్కబోయాను. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. మొహం ఎర్రబడింది. అమ్మీ మంచం మీంచి అంది, "లే లే, బేటా. వాడిస్తున్నాడుగా."

తీసుకున్నాను. వాడి ఇజ్జత్‌కి అదే మంచిదని అప్పటికి నాకు తోచలేదు, అమ్మీకి తోచింది. మా బేగం పుస్తకంలో 3,609 కింద యాభై తీసేసి 3,559 అని రాసింది. వాడు అది చూసి పడుకోవడానికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఆగి అడిగాడు.

"మామూ, నొప్పి తగ్గిందా?"

"ఊఁ, తగ్గింది. నీకు?"

"నాక్కూడా" అన్నాడు.

మనలో చాలా ఇళ్ళలో ఇదే కథ ఉంటుంది. ఒక తోబుట్టువు కొంచెం నిలదొక్కుకుంటారు, ఇంకొకరు ఇంకా ఈదుతుంటారు. సెలవుల్లో పిల్లలందరూ ఒక కప్పు కింద చేరతారు. ఒక పిల్లాడికి ఐస్‌క్రీం అంటే జలుబు, ఇంకో పిల్లకి జెయింట్ వీల్ అంటే భయం. మనం నమ్మేస్తాం. మనం వెళ్ళేచోట రేట్ల బోర్డు మనకంటే ముందు ఆ పిల్లలే చదువుతారు. వాళ్ళు వద్దన్నది ఆటని కాదు, మన జేబు మీద భారం పడటాన్ని. అదేదో మంచి బుద్ధి అని మురిసిపోతాం గానీ, పదమూడేళ్ళకి అంత మంచి బుద్ధి ఉండాల్సిన అవసరం ఏ పిల్లాడికీ రాకూడదు.

నేను నేర్చుకున్నది చిన్న సంగతి. లెక్క ఇంట్లోనే అయిపోవాలి, కౌంటర్ ముందు కాదు. "ఇదిగో, మన దగ్గర ఇన్ని పైసలున్నాయి. అందరికీ ఒక్కో ఆట, అందరికీ ఒక్కో ఐస్‌క్రీం, రెండో ఆట ఎవరికీ లేదు" అని బయలుదేరకముందే పిల్లలందరి ముందూ చెప్పేయాలి. అప్పుడు ఎవరి టిక్కెట్టూ ఎవరి దయా కాదు. అందరికీ సరిపోకపోతే ఆ రోజు వెళ్ళొద్దు, పార్కుకి పోదాం. తలల్లోంచి ఒకటి తగ్గించి మాత్రం వెళ్ళొద్దు.

తర్వాత కూచుని ఇంకో లెక్క వేశాను. ఆదివారం ముగ్గురికి 1,239 కట్టాను కదా. మామూలు రోజుల్లో తలకి 250, జీఎస్టీతో 295. నలుగురికి 1,180. అంటే ఒక మంగళవారం సెలవు పెట్టుకుని వెళ్ళి ఉంటే, ముగ్గురి ఖర్చు కంటే తక్కువలో నలుగురం ఆడేవాళ్ళం. పాతికేళ్ళ అకౌంట్స్ మనిషికి ఆ లెక్క ఆ రోజు తట్టలేదు.

మొన్న ఆపాకి ఫోన్ చేశాను. దూల్హాభాయ్‌కి యూనిఫారాల పని ఇంకా అవలేదట. భాంజాకి ఇవ్వమన్నాను.

"దసరా సెలవులకి రా. మంగళవారం పోదాం. నలుగురికి 1,180, అవి నేను పక్కన పెట్టేశాను. నీ పేరు నువ్వే కొట్టుకోవాలి స్క్రీన్ మీద. చెయ్యి నొప్పి అంటే వినను."

కాసేపు అటునుంచి ఏమీ వినపడలేదు. మిషను చప్పుడు మాత్రం వస్తోంది.

"సరే మామూ" అన్నాడు. "సాక్సులు నేను ఇంటి నుంచి తెచ్చుకుంటా. చిన్నోడిక్కూడా చెప్పండి."